మెషిను కదలని పూట

నా చిన్నప్పుడు రేపల్లె దగ్గర మురుగు కాలువ పూడిక తీసే పని మా నాన్న కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఆ పనిలో ఒక మనిషికి మేం చేసిన అన్యాయం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నాన్న మీద మండుతుంది. గట్టు మీద నిలబడి చోద్యం చూసినవాళ్ల మీద మండుతుంది. అందరికంటే ఎక్కువ నా మీద. అప్పుడు నేను అయిదో తరగతి. చిన్నపిల్లాడివి, నీ తప్పేముందని మా ఆవిడ అంటుంది. నేను చెప్పినంతవరకే ఆమెకు తెలుసు కాబట్టి అలా అంటుంది. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

అవి ఎనభయ్యో దశకం చివరి రోజులు. కాలువ పనికి పిట్టలవానిపాలెం వైపు నుంచి మట్టి పనివాళ్ల ముఠా వచ్చేది. వాళ్ల మేస్త్రీ పొడుగ్గా, నెమ్మదిగా ఉండేవాడు. ఆదివారం చర్చికి పోవాలండీ, పనికి రాలేమండీ అని మొదట్లోనే చెప్పేశాడు. తక్కిన రోజుల్లో మాత్రం అందరికంటే ముందు నడుంలోతు బురదలో దిగేది ఆయనే. పని ఆలస్యమవుతోందని నాన్న విజయవాడ నుంచి ఒక యంత్రాన్ని తెప్పించాడు. ముందువైపు మట్టి ఎత్తే పెద్ద బొచ్చె, వెనకవైపు కాలువ తవ్వే పొడుగాటి చెయ్యి, మధ్యలో డ్రైవరు కూర్చునే గది. మా వైపు దానికింకా ఒక పేరు స్థిరపడలేదు. అందరం మెషిను అనేవాళ్లం. అది లారీ దిగిన రోజు మేస్త్రీ నవ్వుతూనే, "ఇదొచ్చాక మావాళ్లలో సగం మంది ఇంటికే కదండీ" అన్నాడు. నాన్నకు ఆ మాట నచ్చలేదు.

ఆ రోజే పూజ చేయించారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు, కొబ్బరికాయ కొట్టి ముక్కలు పంచారు. మేస్త్రీ తన వంతు తీసుకోలేదు. "మాకొద్దండీ, ఏమీ అనుకోకండి" అన్నాడు. ఆయన ఎప్పుడూ అంతే. అందరికీ తెలిసిన సంగతే. అంతకుముందు ఎవరూ దాన్ని పట్టించుకున్నదీ లేదు. పూజయ్యాక మెషిను సాయంత్రం దాకా చక్కగా పని చేసింది.

చీకటి పడకముందు నాన్న నన్ను స్కూటరు ముందు నిలబెట్టుకుని మళ్లీ గట్టు మీదికి తీసుకెళ్లాడు. మా నాయనమ్మ ఒక దిష్టి మూట ఇచ్చి పంపింది. నల్లగుడ్డలో పటిక ముక్క, ఉప్పు, ఎండుమిరపకాయలు. నలుగురి కళ్లూ పడ్డ బండి, ఊరికే పెట్టకూడదని ఆవిడ పట్టు. నాన్న దాన్ని ఎవరికీ కనబడకుండా హ్యాండ్ బ్రేకు కర్ర మొదట్లో గట్టిగా కట్టాడు. నువ్వు ఎక్కావంటే కాళ్లు విరగ్గొడతానని నాకు చెప్పి, డ్రైవరుతో మాట్లాడటానికి గట్టు దిగి వెళ్లాడు. ఆయన వెళ్లగానే ఎక్కాను. సీట్లో కూర్చుని స్టీరింగు పట్టుకున్నాను. తీరా దిగబోతే మెట్టు అందలేదు. ఏడుపు మొహంతో వేలాడుతుంటే మేస్త్రీ చూశాడు. మెట్టెక్కి నన్ను భుజాన వేసుకుని కిందికి దించాడు. "మీ నాన్న చూళ్లేదులే చిన్నబాబూ, పరిగెత్తు" అన్నాడు.

మర్నాడు పొద్దున నేనూ నాన్నా గట్టు మీద ఉండగా డ్రైవరు మెషిను స్టార్ట్ చేశాడు. ఇంజను ఆడింది. ముందుకు పోనిద్దామంటే కదలలేదు. వెనక్కి పోనిద్దామన్నా కదలలేదు. పొగ మాత్రం వదులుతూ నిలబడింది. నాన్న మొహం ఎర్రబడిపోయింది. డీజిల్లో ఎవడో పంచదార పోశాడన్నాడు. ఇసుక పోసి ఉంటాడని గట్టు మీద చేరిన నాన్న మనుషుల్లో ఒకడన్నాడు. కొబ్బరి ముక్క ముట్టనప్పుడే అనుకున్నానని మరొకడు. అప్పటిదాకా ఎవరూ మెషిను మూత ఎత్తి చూడలేదు. మనిషిని మాత్రం వెతికేశారు.

నిన్న సాయంత్రం మెషిను దగ్గరికి ఎవడొచ్చాడని నాన్న అరిచాడు. నేను చెప్పాను. "మేస్త్రీ ఎక్కాడు నాన్నా, నేను చూశాను."

పెద్దవాళ్లంతా ఒక్కసారిగా నా వైపు తిరిగారు. నా మాట కోసం అంతమంది పెద్దవాళ్లు ఎదురుచూడటం నా బతుకులో అదే మొదలు. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, అది నాకు బాగుంది. కోపంగా ఉన్న గుంపులో కలిసిపోతే ఎంత ధైర్యంగా ఉంటుందో అప్పుడే తెలిసింది. మేస్త్రీ మాత్రం తొణక్కుండా, "బాబు ఎక్కి దిగలేకపోతుంటే దించానండీ" అన్నాడు. నాన్న నన్ను అడిగాడు, ఎక్కావా అని. నాకు కాళ్లు విరగ్గొడతానన్న మాట గుర్తొచ్చింది. ఎక్కలేదన్నాను.

మేస్త్రీ తలగుడ్డ లాగి, దాంతోనే చేతులు వెనక్కి కట్టి, గట్టు మీద ఎండలో కూర్చోబెట్టారు. రోజూ ఆయన చేత పని చేయించుకున్నవాళ్లే కట్టారు. తెనాలి నుంచి మెకానిక్కు వచ్చి ఏం పోశాడో తేల్చగానే పోలీసులకు అప్పగించాలని నిర్ణయమైంది. ముఠావాళ్లు కాలువలోంచి పైకొచ్చి పారలు పట్టుకుని నిలబడిపోయారు. ఒక్కడు నోరెత్తబోతే, "నువ్వూ వాడి జోడీవేనా?" అన్నాడు నాన్న. మేస్త్రీ మళ్లీ నా వంక చూడలేదు. చూసి ఉంటే నిజం చెప్పేసేవాణ్ణేమో. చెప్పేవాణ్ణి కాదేమో కూడా.

మిట్టమధ్యాహ్నానికి మెకానిక్కు దిగాడు. ఇస్త్రీ చొక్కా, నల్ల కళ్లద్దాలు, వేలికి ఉంగరం. తెనాలి చుట్టుపక్కల తన చెయ్యి పడని బండి లేదని వస్తూనే చెప్పుకున్నాడు. సోడా తెప్పించుకుని తాగాడు. నాన్న ఆయన్ను నేరుగా మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లి, వీడేనని చూపించాడు.

"జ్వరం ఎవరికండీ?" అన్నాడు మెకానిక్కు. "బండికా, మీకా? ముందు బండిని చూపించండి. ఆ మనిషి కట్లు విప్పండి, కట్టేసిన మనిషి ఎదురుగా ఉంటే నాకు పని సాగదు."

విప్పారు. విసుక్కుంటూనే విప్పారు.

డ్రైవరు చేత ఇంజను ఆడించి చెవి పెట్టి విన్నాడు. బొచ్చె ఎత్తించాడు, వెనక చెయ్యి కదిలించాడు. "పంచదార పోస్తే ఇంజను ఇంత శుభ్రంగా పాడుద్దా? బొచ్చె లేస్తోంది, చెయ్యి ఆడుతోంది. ఒంట్లో బలానికేం లోటు లేదు, కాళ్లకే అందట్లేదు" అన్నాడు. గేరు ఆయిలు కొలిచే పుల్ల బయటికి లాగి, తుడిచి, మళ్లీ ముంచి చూశాడు. ఆయిలు నిండుగా ఉంది. అందులో నీళ్లు లేవు, ఇసుక లేదు. కింద పడుకుని చక్రాలకు తిరుగుడు అందించే ఇనుప కడ్డీ విరిగిందేమో చూశాడు. విరగలేదు. చివరికి ముందుకొకసారి, వెనక్కొకసారి గేరు వేయించాడు. లాగబోయి ఆగినట్టు కూడా లేదు.

అప్పుడు మెకానిక్కు హ్యాండ్ బ్రేకు సంగతి ఎత్తాడు. అది వేసి ఉండగా బండిని లాగిస్తే బ్రేకు కాలిపోతుందట. అందుకని బ్రేకు వేసి ఉన్నంతసేపూ ఆ మెషిను చక్రాలకు బలం ఇవ్వదట. బ్రేకు దింపానని డ్రైవరు ఒట్టేశాడు. కర్ర కిందికే ఉన్నట్టు కనిపిస్తోంది కూడా. మెకానిక్కు వంగి దాని అడుగున చెయ్యి పెట్టాడు. వేళ్లకు గుడ్డ, ముడి తగిలినట్టున్నాయి. చెయ్యి ఖాళీగానే బయటికి తీసి, నాన్నను పిలిచి సీట్లో కూర్చోమన్నాడు.

"కర్ర కింద ఏదో అడ్డం ఉంది సార్. మీరే తీయండి. ముడి ఎవరు వేశారో తమరే గుర్తుపట్టాలి."

నాన్న వంగాడు. చాలాసేపు లేవలేదు. ఆయన కట్టిన నల్లమూటే అది. రాయిలాంటి పటిక కర్ర కింద ఇరుక్కుని, దాన్ని పూర్తిగా దిగనివ్వలేదు. అడుగున ఉన్న స్విచ్చు దాకా కర్ర చేరలేదు. అందుకని మెషిను, ఇంకా బ్రేకు వేసే ఉంది కాబోలనుకుని నిలబడిపోయింది. ముడి విప్పి, కర్ర కిందికి నొక్కి గేరు వేయగానే కదిలింది. అందరూ చప్పట్లు కొట్టారు.

నాన్న దిగి డ్రైవరును తిట్టాడు! కింద ఏముందో చూసుకోవక్కర్లేదట్రా అని. చేతులు కట్టించుకున్న మనిషి అక్కడే, మణికట్లు రుద్దుకుంటూ నిలబడి ఉన్నాడు. నాన్న ఆయన వైపు చూడకుండా, "సర్లేవయ్యా, అయిపోయిందిగా. పనిలోకి దిగండి" అన్నాడు.

"దొంగనని నలుగురిలో అన్నారు కదండీ" అన్నాడు మేస్త్రీ. "కాదని కూడా నలుగురిలోనే అనండి. దిగుతాం."

"అనేయండి సార్," అన్నాడు మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ. "దానికి స్పానరు కూడా అక్కర్లేదు."

నాన్న స్కూటరు స్టార్ట్ చేశాడు. నన్ను ఎక్కమన్నాడు. ఎక్కాను. మేస్త్రీ కాసేపు ఎదురుచూసి, తన మనుషులతో పారలు కడుక్కుని బాపట్ల బస్సు దొరికే రోడ్డు వైపు నడిచాడట. ఆ ముఠా మళ్లీ మా పనికి రాలేదు. కాలువ మెషినుతోనే పూర్తయింది. మా ఇంట్లో ఈ సంగతి తర్వాత తర్వాత నవ్వుకునే కథ అయిపోయింది. నాయనమ్మ పటిక, నాన్న ముడి, మెకానిక్కు కళ్లద్దాలు అన్నీ ఉండేవి అందులో. మేస్త్రీ ఉండేవాడు కాదు. పండక్కీ పబ్బానికీ వాళ్లు నవ్వుతుంటే నేనూ నవ్వేవాణ్ణి. ఈ వయసులో నాకు అన్నిటికంటే మంట పుట్టించేది ఆ నవ్వు.

ఉద్యోగం బాపట్లలో వచ్చాక ఆయన ఊరు వెళ్లాను. ముసలివాడైపోయాడు, అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన కొడుకు, ఇరుగుపొరుగువాళ్లు ఉండగానే జరిగిందంతా చెప్పాను. నేను మెషినెక్కిన సంగతి, ఎక్కలేదన్న సంగతి. ఆయన నిదానంగా విన్నాడు, లోపలికి కేకేసి టీ తెప్పించాడు. నేను తాగేదాకా ఆగి అప్పుడు అన్నాడు. "మంచిదే బాబూ. కానీ ఇక్కడ నన్నెవరూ దొంగనుకోలేదుగా. అన్నది ఆ గట్టు మీద. విన్నది అక్కడోళ్లు."

ఆ మాటలో కోపం లేదు. ఉన్నమాటే అన్నాడు. విన్నవాళ్లలో కొందరు అప్పటికే పోయారు, తక్కినవాళ్లు ఎక్కడెక్కడికో వెళ్లిపోయారు. నాన్న కూడా లేడు. నేను తెచ్చిన మాటను ఆయన కాదనలేదు, కానీ అది పనికొచ్చే చోటు దాటిపోయింది.

నా కోపం ఇప్పటికీ తొందరపాటుదే. కొన్నేళ్ల కిందట ఆఫీసులో ఒకసారి ఫైలు కనిపించలేదని అటెండరును అందరి ముందు నానామాటలన్నాను. ఫైలు నా సొరుగులోనే దొరికింది. రేపు పక్కకు పిలిచి చెబుదాంలే అనిపించింది. సాయంత్రమైంది, సంచులు సర్దుకుని జనం లేస్తున్నారు. నేను లేచి, కాస్త ఆగండని వాళ్లను ఆపి, అతన్ని తిట్టిన నా బల్ల దగ్గరే నిలబడి, తప్పు నాదేనని చెప్పాను. కొందరు నవ్వుకున్నారు కూడా. నవ్వుకోనీ అనుకున్నాను. విన్నవాళ్లు ఇంకా గది దాటలేదు, నాకు అదొక్కటే కావాలి.