పక్కింటి అల్బీ చివరి తన్ను

బంతిని పట్టడం అల్బీ ట్రెగీర్‌కు పుట్టుకతో వచ్చిన విద్య. తన్నడం మాత్రం ఎవరో సగంలో నేర్పి వదిలేసిన విద్య. గోధుమ పొలాల నడుమనున్న వారూక్ నుంచి అతణ్ణి మెల్‌బోర్న్‌లోని ఒక పెద్ద ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ క్లబ్బు మొదటి విద్యను చూసి జీతమిచ్చి తీసుకుపోయింది. కొన్నేళ్ళకు రెండో విద్యను చూసి తిరిగి పంపింది. ఎదుటివాడి భుజం మీద మోకాలు ఆన్చి, గాలిలో పీట వేసుకున్నట్టు నిలిచి బంతిని ఒడిసిపట్టేవాడు. అలా పట్టినవాడికి ఎవరూ అడ్డురాని తన్ను ఒకటి దక్కుతుంది. చిక్కంతా అక్కడే. మధ్యనున్న రెండు పొడుగు స్తంభాల నడుమ నుంచి పోతే ఆరు పాయింట్లు; వాటికి, అటూ ఇటూ ఉన్న పొట్టి స్తంభాలకు మధ్య సందులోంచి పోతే ఒక్కటి. అల్బీ బంతి ఆ సందునే ఇష్టపడేది. నగర జనం అతనికి ‘పక్కింటి అల్బీ’ అని పేరు పెట్టారు.

గురి తప్పినవాడి చేతిలోనూ ఎంతోకొంత పెట్టి పంపే ఈ ఆటను దయగలవారే కనిపెట్టి ఉంటారని కొందరంటారు. మనిషిని పూర్తిగా ఓడనివ్వకపోవడం దయేనా అన్నది వేరే ప్రశ్న.

వారూక్‌కు తిరిగివచ్చి చాలా ఏళ్ళు ఆడాక, ఆ ఏటి ఫైనల్‌తో బూట్లు విప్పేస్తానని భార్య గ్లెనిస్‌కు మాటిచ్చాడు. సోమవారం నుంచి మామగారి ట్రాక్టర్ల దుకాణంలో కూర్చోవాలి. ఒప్పందానికి మోకాళ్ళు సంతోషంగా తలూపాయి. మనసు మాత్రం లోలోపల గింజుకుంది. ఆట లేని శనివారం ఎలా ఉంటుందో అతడు ఊహించలేకపోయాడు.

ఫైనల్ కురంబి ఊరితో. స్తంభాల ముందు కాపలా కాసే వాళ్ళ ఆఖరి ఆటగాడు కెల్విన్ నోస్కె. ఏటేటా అల్బీకి ఆనుకుని నిలబడి, బంతి అటు చివర ఉన్నంతసేపూ కబుర్లాడటం అతని అలవాటు.

“ఏరా ముసలోడా, మోకాళ్ళు ఇంటిదగ్గర మర్చిపోయొచ్చావా?”

“మోకాళ్ళెందుకురా? నీ పొట్ట మీద కాలు పెడితే చాలు, మెట్టులా ఉంది.”

“మా ఆవిడ చేతి మాంసం కూరిన రొట్టెల మహిమరా అది, మర్యాదగా మాట్లాడు!”

ఆట చివరికి వచ్చేసరికి వారూక్ ఒక్క పాయింటు వెనుకబడి ఉంది. అప్పుడొచ్చింది బంతి. కెల్విన్ వీపు మీదుగా లేచి అల్బీ దాన్ని పట్టాడు. కిందికి దిగేలోగా ఆట ముగిసిందని సైరన్ మోగింది. సైరన్ మోగినా పట్టినవాడి తన్ను పట్టినవాడిదే. స్తంభాలు సూటిగా ఎదురుగా, దగ్గరలోనే ఉన్నాయి. మైదానం చుట్టూ నిలిపిన కార్లన్నీ హారన్లు ఆపేశాయి.

మధ్యలోంచి తంతే కప్పు వారూక్‌ది, అల్బీ ఆట సమాప్తం. పూర్తిగా తప్పితే కప్పు కురంబిది, ఆట అప్పుడూ సమాప్తమే. కానీ పక్క సందులోంచి పోతే ఒక్క పాయింటు, లెక్క సమం. సమమైన ఫైనల్‌ను వచ్చే శనివారం మళ్ళీ ఆడాలి. అది లీగు నియమం. దాన్ని గ్లెనిస్ కూడా కాదనడానికి వీల్లేదు.

నియమం ప్రకారం కొంచెం దూరంలో చేతులెత్తి ఎదురుగా నిలబడ్డ కెల్విన్, అల్బీ కళ్ళు ఎటున్నాయో చూశాడు.

“ఒరేయ్, అటు చూస్తావేంట్రా? గోలు ఇక్కడుంది!”

“నోర్మూసుకో కెల్.”

“సమం చేద్దామనా? ఓరి దొంగ సచ్చినోడా! వచ్చే శనివారం నాకు గొర్రెల ఉన్ని కత్తిరింపు ఉందిరా!”

అల్బీకి అసలు సందేహం మరొకటి. జీవితమంతా మధ్యకు గురిపెట్టి పక్కకు తన్నినవాడు, పక్కకు తన్నాలంటే ఎటు గురిపెట్టాలి? ఎప్పటిలా మధ్యకే పెట్టి తన లోపాన్ని నమ్ముకోవాలా? లోపాన్ని నమ్ముకోవడానికి కూడా కొంత ఆత్మవిశ్వాసం కావాలి. అది లేకనే అతడు ఎడమ సందుకు సూటిగా గురిపెట్టి, పరుగెత్తి తన్నాడు.

బంతి కాసేపు అటే వెళ్ళింది. తరువాత, చెప్పినచోటికి ఎన్నడూ వెళ్ళని తన పాత నియమాన్ని తప్పకుండా, కుడికి ఒరిగి పొడుగు స్తంభాల సరిగ్గా మధ్య నుంచి దూసుకుపోయింది. తెల్లకోటు అంపైరు గోలేనని రెండు జెండాలూ ఊపాడు. హారన్లు ఆకాశాన్నంటాయి.

అల్బీ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఊరు దాన్ని ఆనందమనుకుని అతణ్ణి భుజాలకెత్తుకుంది. ఓడినవాడి ఫిర్యాదును ఎవరూ వినరన్న లోకజ్ఞానం కెల్విన్‌కు ఉండబట్టి అతడు ఉమ్మేసి ఊరుకున్నాడు.

సాయంత్రం క్లబ్బులో అల్బీని వేదిక ఎక్కించి మైకు చేతికిచ్చారు. “ఎలా కొట్టావో చెప్పు అల్బీ!”

“నేను గురిపెట్టింది అక్కడికి కాదు,” అన్నాడు అల్బీ, నిజాయితీగా.

హాలంతా నవ్వింది. ఎంత వినయమని ముసలివాళ్ళు తలలూపారు. “దేవుడి మీద ఒట్టు, నేను పక్కకే తన్నాను!” అంటే ఇంకా పెద్దగా నవ్వారు. సత్యానికి ఇంతకంటే భద్రమైన చాటు మరొకటి ఉండదు.

వేదిక దిగి వచ్చాక గ్లెనిస్ ఒక్కతే నవ్వకుండా చూసింది.

“నీ కళ్ళు ఎడమ సందు మీదే ఉన్నాయి. నేను కారు బానెట్ మీద కూర్చుని చూస్తూనే ఉన్నా.”

“ఎవరికైనా చెప్తావా?”

“నువ్వే మైకులో చెప్తే నమ్మలేదుగా, నా మాటెవరు వింటారు? ఇంకో ఏడాది ఆడతానని నన్నే అడగాల్సింది.”

“అడిగితే ఒప్పుకునేదానివా?”

“చస్తే ఒప్పుకునేదాన్ని కాదు,” అంటూ గ్లెనిస్ అతని పళ్ళెంలో మిగిలిన ఆఖరి సాసేజ్ రోల్ తీసుకుని తినేసింది.