పేగుల్లో వాపు, చేతిమీద మచ్చ

వంశధార ఒడ్డున మా ఊరి గుడిలో తీర్థం ఇచ్చేది మా ఇంటివాళ్ళే. నాన్నగారి తర్వాత ఆ పని నాకు వచ్చింది. పోయిన ఏడు నా వేళ్ళ సందుల్లో, మణికట్టు మీద ఎర్రటి మచ్చలు లేచి పొట్టు రాలడం మొదలైంది. ఒక ఉదయం తీర్థానికి చెయ్యి చాపిన ఒకావిడ, ఉద్ధరిణె పట్టుకున్న నా చేతిని చూసి, తన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని కొంగులో దాచుకుంది. వెనకున్నవాళ్ళు కూడా చూశారు. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. మర్నాటి నుంచి ఆ పని తమ్ముడికి అప్పగించి, నేను లోపల పూలు సర్దుతూ ఉండిపోయాను.

మా బావమరిది ఒక పొడి డబ్బా తెచ్చాడు.

"పెప్టైడ్లు బావా. అంటే ప్రోటీను తునకలు. కడుపులో మంట తగ్గితే సర్మం దానంతటదే బాగవుతాదంట."

రోజూ పాలల్లో కలుపుకుని తాగాను. ఒకరోజు మా ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని డబ్బా మీది సన్నటి అక్షరాలు చదివింది.

"ఏటండీ, ఇది సేప సర్మంతో సేసినదట."

మా ఇంట్లో చేప వాసన కూడా ఎరగం. ఆ సాయంత్రం దేవుడి ఎదుట తలెత్తలేకపోయాను. డబ్బా తిరిగి ఇచ్చేశాను. మచ్చలు అలాగే ఉన్నాయి.

చివరికి మా ఆవిడే నన్ను శ్రీకాకుళంలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన చర్మం చూసి, "విరేచనాలేమైనా అవుతున్నాయా?" అని అడిగాడు. లేదన్నాను.

"లేకేటి బాబూ," అంది మా ఆవిడ. "రక్తం కూడా పడతన్నాది. ఈయన సెప్పరు. మరుగుదొడ్డి కడుగుతన్నది నేనే కదా."

నేలకేసి చూస్తూ కూర్చున్నాను. ఆవిడకి తెలుసునని నాకు తెలియదు. గుడిలో జరిగినదానికన్నా అదే నన్ను ఎక్కువ కుంగదీసింది.

డాక్టరు నవ్వలేదు. పేగుల్లో వాపు ఉంటే కొందరికి అది చర్మం మీదా కనిపిస్తుందన్నాడు. పాలల్లో, పప్పుల్లో, చేపల్లో దొరికే పెప్టైడ్లు ఆ వాపు తగ్గిస్తాయేమోనని పరిశోధనలు జరుగుతున్నాయి గానీ, డబ్బాలో పొడి మందుకు బదులు కాదని చెప్పాడు. పరీక్షలు చేయించి మాత్రలు రాశాడు.

వానాకాలం దాటేసరికి కడుపు కుదుటపడింది. మచ్చలు పలచబడ్డాయి, పూర్తిగా పోలేదు. "ఇంక తీర్థం నువ్వే ఇయ్యన్నా" అన్నాడు తమ్ముడు. ఇంకొన్నాళ్ళు వాణ్ణే ఇమ్మన్నాను.

కడుపులో ఏ కాస్త తేడా చేసినా ఇప్పుడు మా ఆవిడకి చెబుతున్నాను. చెప్పేటప్పుడు మాత్రం ఆవిడ మొహంలోకి చూడలేను.