రెండో బేస్ దగ్గర కాలు తగిలింది

"ఏందే, బ్యాట్ పట్టినవా, చీపురు పట్టినవా?"

మా కోచ్ మేడమ్ నాతో మాట్లాడిన మొదటి మాట అది. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. చందానగర్‌లో మా గల్లీలో మగపిల్లలతో క్రికెట్ ఆడి, నా అంత బ్యాటింగ్ తెలిసినవాళ్లు లేరనుకుంటున్న రోజులు. ఆమె హఫీజ్‌పేట్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రిల్ టీచర్. స్కూలు వెనక ఖాళీ జాగాలో పొద్దున్నే ఆడపిల్లలకు సాఫ్ట్‌బాల్ నేర్పేది. ఆ జాగాకి ఒకవైపు రైలు పట్టాలు, ఇంకోవైపు సిమెంటు ప్రహరీ. దూరంగా హైటెక్ సిటీ అద్దాల మేడలు ఎండెక్కేకొద్దీ మా కళ్లలోకే మెరిసేవి.

సాఫ్ట్‌బాల్ అంటే మన దగ్గర చాలామందికి తెలియదు. పేరులోనే సాఫ్ట్ ఉంది గానీ బంతి రాయిలా ఉంటుంది. క్రికెట్‌లో లాగా బ్యాట్ నిలువుగా దించడం కాదు, భుజం దగ్గరనుంచి అడ్డంగా తిప్పి కొట్టాలి. కొట్టగానే బ్యాట్ వదిలేసి, నేలమీద పరిచిన దిండ్లలాంటి బేస్‌లు ఒక్కొక్కటే తొక్కుతూ పరుగెత్తాలి. రెండో బేస్ మీద నీ కాలు ఉన్నంతసేపు నిన్ను ఎవరూ ఏమీ చేయలేరు. కాలు లేచిందా, బంతి పట్టుకున్న చేత్తో అవతలివాళ్లు నిన్ను ముట్టుకుంటే అవుట్. ఈ ఒక్క సంగతి గుర్తుంటే నా కథ అర్థమైపోతుంది.

మేడమ్ మాకు బంతి చూపించకుండానే నెలలు గడిపింది. మొదట గోడ. బ్యాట్ పిడి కడుపుకి ఆనించి, రెండో కొస ప్రహరీకి తగిలేంత దగ్గరగా నిలబడాలి. ఆ చోటునుంచి కదలకుండా, బ్యాట్ గోడకి తగలకుండా తిప్పాలి. చేతులు ఒంటికి దగ్గరగా తెచ్చి తిప్పితే బ్యాట్ దాటిపోతుంది. క్రికెట్ అలవాటుతో చేతులు చాపితే మాత్రం గోడకి కొట్టుకుని ఆ అదురు మోచేతుల దాకా పాకుతుంది. నా వేళ్ల కణుపులు చెక్కుకుపోయి రక్తం కారుతుంటే చూపించాను. "గోడ నాకన్న మంచి కోచ్. దాన్నే అడుగు, ఎందుకు కొట్టిందో," అని నీడకి వెళ్లి చాయ్ తాగింది.

తర్వాత చప్పుడు. బ్యాట్‌ని తలకిందులుగా, లావు వైపు పట్టుకుని గాలిలో తిప్పమనేది. సన్నటి పిడి గాలిని కోస్తూ సుయ్యిమంటుంది. ఆ సుయ్యి వీపు వెనకే వినపడితే వేగమంతా ముందే ఖర్చయిపోయిందని అర్థం. అది బంతి వచ్చే చోట, మన ముందు వినపడాలి.

"గాలి ముంగట మోగాలె, ఎన్క గాదు. నడుము తిప్పవే, నోరు గాదు!"

చేతులకంటే ముందు నడుము తిరగాలి. వెనక కాలి మడమ లేచి, బొద్దింకను నలిపినట్టు మునివేళ్ల మీద తిరగాలి. చెప్పడానికి ఇంతే. ఒంటికి ఎక్కడానికి నాకు ఏడాది పట్టింది.

వీటన్నింటిలో నేను ఇప్పటికీ కోపం లేకుండా తలుచుకోలేనిది తువ్వాలు డ్రిల్. తువ్వాలు తడిపి, పిండి, కొసన ముడివేసి బ్యాట్‌లాగా విసరాలి. సరిగ్గా విసిరితే ముడి మన ముందు ఫటేలున మోగుతుంది. మమ్మల్ని జోడీలుగా నిలబెట్టేది. ఒకరు తప్పు విసిరితే రెండోవాళ్లు అదే తువ్వాలుతో వాళ్ల పిక్క మీద కొట్టాలి. మేడమ్ కొట్టదు, మాతోనే కొట్టిస్తుంది. తన చేతికి తడి అంటకూడదు కదా.

నా జోడీ బోరబండ నుంచి లోకల్ రైలెక్కి వచ్చే అమ్మాయి. నాకంటే పొట్టి, నాకంటే చురుకు. వాళ్ల నాన్న ఐటీ కంపెనీలకి క్యాబ్ నడిపేవాడు. ఆమె తప్పు విసిరితే నేను తువ్వాలు ఊరికే అలా తాకించేదాన్ని. పాపం, స్నేహితురాలు కదా అని. నేను తప్పు విసిరితే ఆమె మడమ లేపి, నడుము తిప్పి, పూర్తి స్వింగ్‌తో కొట్టేది. మేడమ్ ఆ దెబ్బ చూసి, "అగో, స్వింగ్ అంటే గట్లుండాలె," అని అందరికీ చూపించేది. నా పిక్క మీద వాత చూసి కాదు, ఆమె మోకాలు ఎంత బాగా వంగిందో చూసి.

"నన్నంత గట్టిగా ఎందుకు కొడతావే?" అని ఒకసారి స్టేషన్‌లో అడిగాను.

"నువ్వు గూడ కొట్టు. నేనేమన్న వద్దన్ననా?" అని నవ్వింది. ఆ తర్వాత తన డబ్బాలోని పచ్చిపులుసు అన్నం నాకు సగం పెట్టింది. ఆ అమ్మాయి లెక్క అది. దెబ్బ వేరు, అన్నం వేరు.

రెండో ఏడాదికి ఆ గ్రౌండ్‌లో నా బ్యాట్ అంత వేగంగా ఇంకెవరి బ్యాటూ తిరిగేది కాదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, చప్పుడు అబద్ధమాడదు. నా సుయ్యి వినపడితే పక్కన చెప్పులు విప్పుతున్న పిల్లలు కూడా తలెత్తి చూసేవాళ్లు. మేడమ్ మెచ్చుకోలేదు, కానీ తిట్టడం మానేసింది. నాకు అదే పెద్ద పండగ.

ఆ ఏడాదే రాష్ట్ర జట్టు ఎంపికకి వెళ్లాను. మొదటి బంతినే గట్టిగా కొట్టాను. బ్యాట్ వదిలాను. పరుగు మొదలుపెడుతుంటే నా కాలు కిందపడిన బ్యాట్‌కి తగిలింది. నేను ఆగాను. వంగాను. బ్యాట్‌ని వేళ్లతో తాకి కళ్లకద్దుకున్నాను. నేను మొదటి బేస్ చేరేసరికి బంతి నాకంటే ముందే అక్కడుంది, అవుట్.

ఎంపిక చేసే పెద్దమనుషులు పడీపడీ నవ్వారు. "బ్యాట్‌కి మొక్కిందయ్యా ఈ పిల్ల!" అని ఒకాయన పక్కాయన తొడ చరిచాడు.

ఆ మొక్కు నాది కాదు, మా అమ్మది. నాకు నిజానికి ఇద్దరు కోచ్‌లు. మేడమ్ కంటే చాలా ముందే మా అమ్మ డ్రిల్ మొదలుపెట్టింది. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకోవాలి. కత్తిపీటకి, చేటకి, కుట్టుమిషనుకి, ఏ పనిముట్టుకి తగిలినా అంతే. మనిషికి తగిలితే మరీను. మర్చిపోతే తొడపాశం పెట్టేది, నాలుగు రోజులు కమిలి ఉండేలా. మళ్లీ ఆ కమిలిన చోటే కొబ్బరినూనె రాస్తూ, "బుద్ధిగా ఉండాలమ్మా, తప్పు కదూ," అనేది. అమ్మ నేర్పింది ఆలోచన దాకా వెళ్లదు, నేరుగా నడుములోంచే వస్తుంది. మేడమ్ నా చేత చేయించాలనుకున్నది కూడా సరిగ్గా అదే.

మర్నాడు మేడమ్ నా కాళ్లముందు బ్యాట్ పడేసింది.

"తన్ను."

"మేడమ్..."

"తన్ని ఉరుకు. ఆగినవంటే మళ్ల మొదటికెల్లి."

నేను ఏడ్చాను. నిజంగా, ముక్కు కారేలాగా. "ఏడ్చుకుంటనే తన్ను, నాకేం ఫికర్ లేదు," అంది. ప్రతి స్వింగ్ తర్వాతా బ్యాట్‌ని కాలితో తన్ని మొదటి బేస్‌కి పరుగెత్తడం, అదే నా డ్రిల్. మిగతా పిల్లలు వరసగా నిలబడి చూసేవాళ్లు. బోరబండ అమ్మాయి అందరికంటే శ్రద్ధగా చూసేది. కొన్నాళ్లకి బ్యాట్‌ని తన్నినా నా ఒళ్లు ఊరుకుంది. మేడమ్ ఒక్క మాటే పదేపదే చెప్పేది: "కాలు దేనికి తగిలినా ఆగొద్దు. దేనికన్న." నేను తలూపాను. నాకు బ్యాట్ సంగతే చెబుతోందనుకున్నాను.

మరుసటి ఏడాది ఎంపికే నాకు చివరిది. ఆ జట్టుకి వయసు హద్దు ఉంది, అది దాటితే చోటుండదు. జట్టులో చేరితే స్పోర్ట్స్ కోటాలో సీటు వచ్చే దారి ఉంటుంది, ఆట సాగుతుంది. లేకపోతే సంగతి మా నాన్నగారు ముందే తేల్చేశారు. ఆయన గవర్నమెంటు ఉద్యోగి, గొంతు పెంచరు. "ఈసారి రాకపోతే ఇంజనీరింగ్ కోచింగ్‌లో చేరుతున్నావమ్మా. ఇంక ఆ బ్యాట్ మాట ఇంట్లో వద్దు," అన్నారు, పేపరు మడుస్తూ.

ఎంపిక రోజు మమ్మల్ని రెండు జట్లుగా చీల్చి మ్యాచ్ ఆడించారు. మా గ్రౌండ్ నుంచి ఒక్కరినే తీసుకుంటారన్న మాట ముందే తెలిసిపోయింది. అంటే నేనో, బోరబండ అమ్మాయో. నన్ను బ్యాటింగ్ వైపు వేశారు. ఆమెని అవతలి జట్టులో రెండో బేస్ దగ్గర నిలబెట్టారు.

చివరి వంతులో నాకు బంతి వచ్చింది. దాన్ని కొట్టిన క్షణం నాకు ఇప్పటికీ అరచేతుల్లో ఉంది. మడమ తిరిగింది, నడుము తిరిగింది, చేతులు ఒంటిని రాసుకుంటూ వచ్చాయి, గాలి ముందు మోగింది. కొట్టినట్టు కూడా తెలియలేదు, అంత మెత్తగా తగిలింది. బంతి ఫీల్డర్ల మధ్యలోంచి కంచె దాకా దొర్లింది. బ్యాట్ కాలికి తగిలింది, నేను ఆగలేదు. మొదటి బేస్ తొక్కాను, ఆగలేదు. రెండో బేస్‌కి బంతికంటే ముందే చేరాను. సేఫ్. పెద్దమనుషులు కుర్చీల్లోంచి లేవడం నా కంటి చివర కనిపించింది.

బేస్ మీద ఒక కాలు ఉంది. రెండో కాలు ఆమె బూటు మీద పడింది.

మనిషికి కాలు తగిలింది. ఆమె వైపు తిరిగి వంగి, బూటుని తాకి, వేళ్లు కళ్లకద్దుకున్నాను. వంగడంలో బేస్ మీది కాలు లేచింది, అప్పటికే బంతి ఆమె చేతికి వచ్చేసింది. నా వీపు మీద బంతి ఆనింది, చాలా మెల్లగా, పచ్చిపులుసు అన్నం పెట్టినంత మెల్లగా.

"అవుట్!"

"పోయినేడు బ్యాట్‌కి మొక్కింది ఈ పిల్లే కదా," అన్నాడు నిరుడు తొడ చరిచిన పెద్దమనిషి. "చేతులున్నాయి గానీ బుర్ర లేదు." ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

ఆమెకి జట్టులో చోటు దొరికింది. తిరుగు రైల్లో నా పక్కనే కూర్చుంది. బోరబండ వస్తుంటే దిగడానికి లేచింది.

"కాలు కావాలనే పెట్టిన," అంది. "మేడమ్ చెప్పింది."

మర్నాడు మేడమ్ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. తిట్టాలని వెళ్లాను. నోట్లోంచి, "నిజమేనా మేడమ్?" అని మాత్రమే వచ్చింది.

"ఔ, నిజమే," అంది, డ్రిల్ కోసం తెచ్చిన పాత టైర్లు దొర్లించడం ఆపకుండా. "ఇద్దరికీ చెప్పిన. కాలు తగిలితే ఆగొద్దని నీకు చెప్పిన. నువ్వు ఆగుతవని దానికి చెప్పిన. అది విన్నది."

మేడమ్‌ని నేను క్షమించలేదు, ఇప్పటికీ.

ఇంట్లో విషయం చెబితే నాన్నగారు బ్యాట్‌ని అటక మీద పెట్టించారు. అమ్మ మాత్రం నా తల నిమిరింది. "పోతే పోయిందిలేమ్మా. మనిషిని తొక్కి పోలేదు, అది చాలు," అంది. ఆవిడ కళ్లలో గర్వం. ఆ రాత్రి నాకిష్టమని గుత్తివంకాయ చేసింది. నాకు ఆ గర్వమే అన్నింటికంటే పెద్ద తొడపాశంలా తగిలింది.

ఇంజనీరింగ్ అయింది, ఉద్యోగమూ అయింది. ఇప్పుడు ఆ అద్దాల మేడల్లోనే ఒకదాంట్లో పనిచేస్తున్నాను. శనివారాలు పొద్దున కొండాపూర్‌లో ఒక పెద్ద అపార్టుమెంటు లాన్‌లో ఆడపిల్లలకి సాఫ్ట్‌బాల్ నేర్పుతాను. గోడ డ్రిల్ ఉంది, కానీ గోడకి పాత పరుపు కట్టిస్తాను. తువ్వాలు ఉంది, దాంతో ఎవరూ ఎవరినీ కొట్టరు. తల్లులు నన్ను మంచి కోచ్ అంటారు, పిల్లల మీద అరవనని.

మొన్న కొత్తగా ఒక పాప చేరింది. సన్నటి చేతులు, కానీ నడుము దానంతటదే తిరుగుతుంది. మొదటి రోజే గాలి ముందు మోగింది. బంతి వేశాను, కొట్టింది, పరుగెత్తింది. నేను రెండో బేస్ దగ్గరికి వెళ్లి బంతి తెప్పించుకుని నిలబడ్డాను. నా కాలు బేస్ పక్కకి జరిపాను.

పాప వచ్చింది, బేస్ తొక్కింది, నా బూటు తొక్కింది. వంగింది. కాలు బేస్ మీంచి లేచింది, బూటు తాకి కళ్లకద్దుకుంది. నేను బంతిని దాని వీపుకి ఆనించాను, కొంచెం గట్టిగానే.

"అవుట్," అన్నాను.

పాప బిత్తరపోయి నా మొహంలోకి చూసింది. తనేదో పెద్ద తప్పు చేశాననుకుంది. "సారీ మేడమ్," అని మళ్లీ వంగి నా కాలు తాకింది.

నేను మళ్లీ ఆనించాను.