నేను కడిగిన అచ్చు

మూడేళ్ళ క్రితం సంగతి. నడుం పట్టేసి మా ఆయన నాపరాయి క్వారీ పని మానేశాడు. మాది విజయపురి సౌత్. కృష్ణలో గాలం వేసేవాళ్ళకి అమ్ముదామని ఇంట్లోనే సీసంతో ఎరలు చేయడం మొదలుపెట్టాడు. నాపరాయి ముక్కలో ఉలితో చేపపిల్ల ఆకారం చెక్కి, హుక్కు పెట్టి, పాత వలలకుండే సీసం గుళ్ళు కరిగించి పోసేవాడు. చల్లారాక మళ్ళీ కాస్త వేడి చేసి, బీరువాలకు వేసే పౌడర్ రంగులో ముంచితే ఎర మిలమిల మెరిసేది.

ఒక ఉదయం ఆ రాతి అచ్చు మసిపట్టి కనిపిస్తే, గిన్నెలతోపాటు దాన్నీ తోమి, పైటచెంగుతో తుడిచి పెట్టాను. రాయిలో మిగిలిన తడి మీద కరిగిన సీసం పడితే పేలుతుందని నాకేం తెలుసు?

కాసేపటికి పెరట్లో టప్పుమని చప్పుడు. పరిగెత్తి వెళ్ళేసరికి ఆయన ముఖం పట్టుకుని కూలబడి ఉన్నాడు.

"ఏమే, కంట్లో పడిందే!"

కుడికంటికి ఇక చూపు రాదని నరసరావుపేటలో డాక్టర్ చెప్పేశారు.

చూడవచ్చినవాళ్ళందరితో ఆయనది ఒకటే మాట. "తప్పు నాదే. రాయిలో చెమ్మ చూసుకోలా. ఇరవయ్యేళ్ళు రాళ్ళు కొట్టి ఏంది లాభం?" నేను కాఫీ గ్లాసులు పట్టుకుని పక్కనే నిలబడ్డాను.

ఇప్పటికీ ఎరలు చేస్తూనే ఉన్నాడు. రెండో కన్నూ మసకబారింది. "రంగు సమంగా పట్టిందా?" అని నన్నే అడుగుతాడు. ఒక పక్క సీసం బయటికి కనబడుతున్నా "చానా బాగా పట్టింది" అంటాను. కొనేవాళ్ళు తిప్పి చూసి తిరిగి ఇచ్చేస్తున్నారు.

ఆయనకు చదువు రాదు. అందుకే ఆయనకు చెప్పలేని మాట మీ అందరికీ రాయగలిగాను.