నిజం, అబద్ధం, తెల్వదు

మేమిద్దరం కలిసి ఒక భాష తయారుచేశాం. మనుషులు మాట్లాడుకునేది కాదు. ఒక ప్రోగ్రాం రాయడానికి ముందే, అది ఏం చేయాలో, ఏం చేయకూడదో రెండర్థాలు రాకుండా రాసిపెట్టుకునే భాష. నేను నిజామాబాద్‌లో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. ఆయన అక్కడే లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఊళ్లోనే కంఠేశ్వర్‌లో, నల్లబోర్డు ఉన్న ఆయన ఇంటి ముందుగదే మా ఆఫీసు. నేను ఆయన్ని సార్ అంటాను, ఆయన నన్ను బిడ్డా అంటారు. కోపమొస్తే మేడం అంటారు.

మొదట్లో మా గొడవలు చిన్నవే. ఆయనకు లెక్కల గుర్తులు కావాలి, నాకు చదివితే అర్థమయ్యే మాటలు కావాలి. చివరికి మాటలే ఉంచాం. ఏ మాట ఏ గుర్తుకు సమానమో ఆయన తన నోటుబుక్కులో విడిగా రాసుకునేవారు, నా మీద నమ్మకం లేనట్టు.

అసలు పేచీ ఒక్క మాట దగ్గర వచ్చింది. భాషను పరీక్షించడానికి వర్ని దగ్గర కాలువ నీళ్ల వంతులు తీసుకున్నాం. ఒక తూము మూసి ఉంటేనే తర్వాతిది తెరవాలి. తూము దగ్గరి మనిషి ఫోన్లో కబురు పంపితే, తర్వాతి వంతు ఎవరిదో ప్రోగ్రాం చెప్పాలి. కబురు రాకపోతే? మూసే ఉందనుకుని ప్రోగ్రాం తర్వాతి తూము తెరిపిస్తుందేమోనని నా భయం. నిజం, అబద్ధంతో పాటు మా భాషలో 'తెల్వదు' అనే మూడో జవాబు పెడదామన్నాను.

"మూడోది యాడికెల్లి తెచ్చినవ్ బిడ్డా?" అన్నారు. "సిగ్నల్ లేదని తూము గాలిల ఉంటదా? తెరిచన్న ఉంటది, మూసన్న ఉంటది. నీకు తెల్వకపోతే అది తూము తప్పా?"

"మరి కబురు రాకుంటే ఏం రాయాలె సార్?"

"ఏమన్న రాయి. నా లెక్కను మాత్రం ఖరాబు చెయ్యకు."

"మీ లెక్కలు బోర్డు మీదనే నడుస్తయి సార్. పొలం కాడ నడవయి."

అన్న వెంటనే నాలుక కరుచుకున్నాను. ఆయన చాక్‌పీసు కింద పెట్టి, "సరే మేడం" అని లోపలికి వెళ్లిపోయారు.

పది రోజులు మాటల్లేవు. పదకొండో రోజు వాళ్లావిడ ఫోన్ చేసింది. "ఏమన్నవమ్మా ఆయనను? పొద్దుగాల నుంచి బోర్డు మీద రాసుడు, తుడుసుడు. అన్నం సల్లగైతున్నా లేస్తలేడు. యాడికన్న తీస్కపో."

వర్నికి పోదాం, నీళ్లు వదిలే మనిషినే అడుగుదాం అని కబురు పెట్టాను. మర్నాడు బస్టాండుకు వెళ్లేసరికి సార్ బస్సులో కూర్చుని ఉన్నారు. కిటికీ పక్క సీటు మీద నాకోసం దస్తీ వేసి ఉంచారు.

"ఆ రోజు అట్ల అనాల్సింది కాదు సార్," అన్నాను.

"ఏ రోజు?" అన్నారు, బయటికి చూస్తూ.

వంతుల ప్రకారం పొలాలకు నీళ్లు వదిలే నీరటి కాలువ గట్టు మీదే దొరికాడు. డెబ్బై దాటిన మనిషి. మా కాగితం చదివి వినిపిస్తే "మంచిగనే రాసిండ్రు" అన్నాడు.

"పైతూము కాడికెల్లి కబురు రాకుంటే?" అని సార్ అడిగారు.

"పోయి సూస్త."

"మూసిందో తెరిచిందో తెల్వదు గదా పెద్దబాపు. కాగితం మీద రాయమంటే ఏం రాస్తవ్?" అన్నాను నేను.

నీరటి నన్ను జాలిగా చూశాడు. "మూసిందని రాయ, తెరిచిందని రాయ. కబురు రాలేదని రాస్త. గది నాకు ఎరుకనే గదా."

సార్ గభాల్న నా చెయ్యి పట్టుకున్నారు. "ఇన్నవా! కబురు వచ్చిందా, రాలేదా? గివి రెండే గదా బిడ్డా!"

నాకూ అప్పుడే వెలిగింది. తూము సంగతి మనకు తెలియకపోవచ్చు. కబురు రాలేదన్న సంగతి మాత్రం తెలుసు. ముందు ఆ ప్రశ్న అడగాలి, రాకపోతే ఏం చేయాలో కూడా రాయాలి. ఆ లైను లేకుండా ఎవరేం రాసినా మా భాష ఒప్పుకోకూడదు. సార్ కోరిన రెండు జవాబులు రెండుగానే మిగిలాయి, నా భయమూ తీరింది. పది రోజులు మేం మొహాలు మాడ్చుకున్న విషయాన్ని ఆ పెద్దాయన గట్టు మీద నిలబడి తేల్చేశాడు.

తిరుగు బస్సులో ఆ కొత్త లైనుకు పేరు పెట్టడం దగ్గర పేచీ మళ్లీ మొదలైంది. 'పోయి చూడు' అని రాద్దామన్నాను నేను.

"ఆ మనిషి సూస్త అన్నడు. దిద్దనీకి మనమెవరం?" అన్నారు సార్. సగం బస్సు మా వైపు తిరిగింది. నేనే తగ్గాను. ఇప్పటికీ అది 'పోయి సూడు' అనే ఉంది. మా భాష నేర్చుకునేది నా దగ్గర చదివే పిల్లలే. ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు అచ్చుతప్పని చెబుతారు. కాదని చెప్పి, కాలువ గట్టు కథ చెబుతాను.

ఈ వారం పేచీ 'తర్వాత' అన్న మాట మీద. తర్వాత అంటే వెంటనే అని ఆయన, ఎప్పుడైనా సరే అని నేను. రేపు పొద్దున్నే రమ్మన్నారు, బోర్డు తుడిచి పెడతారట.