ఎత్తు అని పిలిచే గొంతు

డెస్సీ ఫెయిర్‌క్లాత్ చర్చిలోకి వస్తోందంటే వెనక్కి తిరిగి చూడక్కర్లేదు, చెప్పుల చప్పుడే చెబుతుంది. అడుగు ఎత్తదు, ఈడుస్తుంది. పాస్టరు గారి భార్య ఒకసారి జాలిపడి, "మోకాళ్ళ నొప్పులా అమ్మా?" అని అడిగితే డెస్సీకి ఒళ్ళు మండిపోయింది. "నా మోకాళ్ళకేం, దిట్టంగా ఉన్నాయి. నా నడకే ఇంత" అంది. పాస్టరు భార్య కొత్తగా వచ్చిన మనిషి, ఆమెకేం తెలుసు పాపం. ఫ్లోరిడా పడమటి తీరాన, మా అఖాతంలో నడుంలోతు నీళ్ళలో నిలబడి గేలం వేసేవాళ్ళందరి నడకా ఇంతే. పళ్ళెంలా చదునుగా ఉండే టేకు చేప ఇసుక కప్పుకుని పడుకుని ఉంటుంది. దాన్ని తొక్కామా, తోకముల్లు మడమలో దిగబడుతుంది. అదే కాలు ఈడ్చుకుంటూ పోతే ఆ అలికిడికి తనే తప్పుకుంటుంది.

కానీ ఆల్చిప్పల దిబ్బ దగ్గరికి వచ్చేసరికి ఇదే నడక కొంప ముంచుతుంది. అక్కడ చిప్పలు అంచులు పైకి పెట్టుకుని, ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడి ఉంటాయి. ఈడ్చామంటే చెప్పూ తెగుతుంది, కాలూ తెగుతుంది. దిబ్బ మీద కాలు పూర్తిగా ఎత్తాలి, తిన్నగా దించాలి. ఇసుక మీద ఈడ్చడం, చిప్ప మీద ఎత్తడం. మా ఊరి పిల్లలకు ఇది అక్షరాల కంటే ముందు వస్తుంది.

డెస్సీకి మాత్రం సగమే వచ్చింది. ఆవిడ మా ఊరి పిల్ల కాదు. ఉత్తరాన వేరుశనగ చేలలో పుట్టి, బ్యూల్‌ని చేసుకుని ఇక్కడికొచ్చింది. ఈడ్చడం నేర్చుకుంది. రెండో సగాన్ని మొగుడు తన నోట్లోనే పెట్టుకున్నాడు. బ్యూల్ ఎప్పుడూ గేలం కర్రంత దూరం ముందు నడిచేవాడు. దిబ్బ దగ్గర పడగానే వెనక్కి తిరగకుండానే "ఎత్తూ" అనేవాడు. ముక్కుతో, సాగదీసి. ఫెయిర్‌క్లాత్‌ల ఇంటి గొంతులన్నీ ముక్కు గొంతులే. ఆ మాట వినగానే డెస్సీ కాలెత్తేది. పెళ్ళైన కొత్తలో, "దిబ్బ ఎక్కడ మొదలవుతుందో ఎలా తెలుస్తుందయ్యా నీకు? నాకూ చెప్పొచ్చుగా" అని అడిగింది.

"నేనున్నాగా" అన్నాడు బ్యూల్.

అంతటితో ఆ పాఠం అయిపోయింది. డెస్సీ కూడా మళ్ళీ అడగలేదు. ఒకరు చూస్తూ ఉంటే ఇంకొకరు ఆకాశాన్ని, కొంగల్ని చూసుకుంటూ నడవచ్చు కదా అనుకుంది. నిజంగానే అలాగే నడిచింది, జీవితం పొడుగునా.

ఒడ్డుకు వచ్చాక ఇంకో తంతు ఉండేది. పికప్ బండి వెనక రేకు దించి, దాని మీద ఆవిణ్ణి కూర్చోబెట్టి, ఇంటి నుంచి తెచ్చిన మంచినీళ్ళు కాళ్ళ మీద ధారగా పోసేవాడు. సబ్బు రాసి, వేళ్ళ సందులు కడిగి, పాదం తన తొడ మీద పెట్టుకుని వెలుతురు కేసి తిప్పి చూసేవాడు. "ఎవరి అరికాలు వాళ్ళకు కనబడదే" అనేవాడు. తర్వాత తన పాదాలు ఆవిడ ఒళ్ళో పెట్టేవాడు. ఏ చిన్న గీరుడు కనబడినా చిప్పముక్క ఏమైనా ఉందేమోనని పట్టకారుతో వెతికి తీసి, మళ్ళీ కడిగితేగాని బండి కదిలేది కాదు. మా ఊళ్ళో మగవాళ్ళు పెళ్ళాం మీద ప్రేమ ఉందని నోటితో చెప్పరు, చెబితే ఏదో జబ్బు చేసిందనుకుంటాం. డెస్సీకి ఆ మాట లోటు ఎప్పుడూ తెలియలేదు. రోజూ ఒకడు తన అరికాలును అంత శ్రద్ధగా చూస్తుంటే ఇంకేం చెప్పాలి?

తర్వాత ఆవిడకు షుగర్ వచ్చింది. పాదాలు మొద్దుబారాయి. చిప్ప గుచ్చుకున్నా తెలిసేది కాదు. బ్యూల్ అడుగు గట్టిగా ఉన్న నీటిబూట్లు కొనిపెట్టాడు. ఆ తర్వాత పాదాల్ని ఒకసారి కాదు, రెండుసార్లు చూడడం మొదలుపెట్టాడు.

వసంతంలో ఒక ఉదయం కాఫీ తాగుతూ, కప్పు కింద పెట్టి, గుండె పట్టుకుని పోయాడు.

ఆ ఏడు వేసవంతా డెస్సీ నీళ్ళ మొహం చూడలేదు. చూడలేదంటే, రోజూ వంటింటి కిటికీలోంచి చూసింది. ఆటు వచ్చి బురద వాసన కొడితే చాలు, చేతిలో ఉన్న గరిటె ఆగిపోయేది. డాక్టరు మంచివాడే, వద్దనలేదు. వెచ్చటి నీళ్ళలో గాటు త్వరగా చెడుతుంది గనక నీళ్ళు చల్లబడ్డాకే దిగమన్నాడు, బూట్లు లేకుండా దిగొద్దన్నాడు, ఒంటరిగా వెళ్ళొద్దన్నాడు, ఇంటికి రాగానే ఎవరిచేతనైనా పాదాలు చూపించుకోమన్నాడు. చిన్న గాటు వదిలేసినా నీ ఒంటికి పాదం పోవచ్చు అన్నాడు. అన్నీ విని తలూపింది. ఎవరిచేతనైనా అన్న దగ్గర మాత్రం తల వంచుకుని తన చెప్పుల కేసి చూసుకుంది.

అక్టోబరు వచ్చింది. ఎర్రచేపలు దిబ్బ అంచుకు చేరాయని ఊరంతా చెప్పుకుంటోంది. ఒక శనివారం పొద్దున్నే డెస్సీ బ్యూల్ కొన్న బూట్లు తొడుక్కుని, గేలం కర్ర తీసుకుని ఒక్కతే వెళ్ళిపోయింది. నీళ్ళు నడుముకు తగలగానే ఇన్నాళ్ళూ ఊపిరి బిగబట్టి ఉన్నట్టు వదిలింది. కాళ్ళు ఈడ్చుకుంటూ, కొంగల్ని చూసుకుంటూ నడిచింది. నడుస్తూనే ఉంది. కాలి కింద కరకరమని చప్పుడయ్యేదాకా తను దేనికోసం ఎదురు చూస్తోందో తనకే తెలియలేదు. ఎవరో "ఎత్తూ" అనాలి. ఎవరూ అనలేదు. అప్పటికే దిబ్బ మీదకు నాలుగు అడుగులు ఈడ్చేసింది.

నీళ్ళలో నిలబడి ఏడ్చింది. చేప పడలేదు. పడితే తీసే ఓపిక కూడా లేదు.

ఇంటికొచ్చి స్నానాలగదిలో నేలమీద అద్దం పెట్టి, దాని మీద కాలు ఎత్తి పట్టి చూడబోయింది. వంగితే కళ్ళజోడు జారింది, కళ్ళజోడు పట్టుకుంటే కాలు జారింది. ఏమీ కనబడలేదు కాబట్టి ఏమీ లేదనుకుని మేజోళ్ళు వేసేసుకుంది.

మర్నాడు ఆదివారం. బ్యూల్ అక్క వినెల్ చర్చి అవగానే కోడి వేపుడు గిన్నెతో వచ్చింది. వినెల్ బతుకంతా బ్యూటీ పార్లర్ నడిపిన మనిషి. పుట్టింది నీటి ఒడ్డునే అయినా బొటనవేలు తడుపుకోదు. బురద వాసనకు ముక్కు మూసుకుంటుంది. నోరు మాత్రం మూసుకోదు.

"ఏమిటే ఆ మేజోడు? జామ్ మీద కాలేశావా?"

డెస్సీ కిందికి చూసింది. మడమ పక్కన మేజోడు ఎర్రగా తడిసి ఉంది. "అయ్యో, బూటు కుట్టు ఊడినట్టుంది" అంది.

"బూటా? నీళ్ళలో దిగావన్నమాట! ఒక్కదానివే!"

"అరవకు వదినా. ఆ సొరుగులో జిగురు గొట్టం ఉంది, ఇలా ఇవ్వు. అంటించేస్తే సరి."

ఇది మా ఊరి తెలివి. పడవకు వాడే జిగురుతోనే కాలి గాటునూ అంటించేసి, మళ్ళీ ఉప్పునీళ్ళలో దిగుతారు, ఉప్పే మాన్పేస్తుందని. వినెల్ సొరుగు తీసి, గొట్టం తీసి, కిటికీలోంచి పెరట్లోకి విసిరేసింది.

"మా నాన్న ఇలాగే అంటించుకున్నాడు. పైన చక్కగా మూసుకుపోయింది, లోపల కుళ్ళింది. మోకాలి దాకా తీసేశారు. బ్యూల్‌గాడు నీ కాళ్ళు ఎందుకు అంతలా చూసేవాడనుకున్నావ్? నీ కాళ్ళు అందంగా ఉన్నాయనా?"

డెస్సీకి ఇది కొత్త మాట. మామగారి కాలు యుద్ధంలో పోయిందనే బ్యూల్ చెప్పాడు. తను భయపడుతుందని అలా చెప్పాడేమో, భయం అంతా తనొక్కడే మోశాడు.

"ఎన్ని తలలైనా కడుగుతాను గాని కాళ్ళంటే నాకు అసహ్యం. దేవుడా, ఈ గతి కూడా పట్టించావా" అని గొణుక్కుంటూ వినెల్ నేలమీద కూలబడింది. పంపు నీళ్ళు ధారగా పోసి, సబ్బుతో కడిగి, పట్టకారుతో చిప్ప పెచ్చు ఒకటి బయటికి లాగింది. గాటును మూయకుండా శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పింది. చుట్టూ చర్మం అప్పటికే ఎర్రబడి వేడిగా ఉంది. వినెల్ సంచిలోంచి కనుబొమల పెన్సిల్ తీసి ఆ ఎరుపు అంచు వెంబడే గీత గీసింది.

"ముగ్గులేస్తున్నావా?"

"ఎంత పాకిందో డాక్టరుకు తెలియాలి కదా. లే, బండెక్కు."

"అన్నం తిని పోదాం."

"అన్నం తింటూ కూర్చుంటే కాలు ఉండదు. లే."

ఆసుపత్రి చేరేసరికి ఎరుపు ఆ పెన్సిల్ గీతను దాటేసింది. వినెల్ తలుపులోంచే కేక పెట్టింది, "సముద్రంలో ఆల్చిప్ప కోసింది, మనిషికి షుగరుంది, నిన్న కోసింది" అని. ఆ మూడు ముక్కలూ వినగానే నర్సులు పరిగెత్తుకొచ్చారు. సూదిమందులతో మంచం మీద పడుకోబెట్టారు. కాలు మిగిలింది. ఒక్క రోజు ఆగి వచ్చి ఉంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పాడు. డెస్సీ గోడవైపు తిరిగి వింది.

గాయం పూర్తిగా మానేసరికి క్రిస్మస్ వెళ్ళిపోయింది. "ఇక నీళ్ళ మాటెత్తావంటే ఊరుకోను" అంది వినెల్. డెస్సీ ఎత్తలేదు. తినడం కూడా తగ్గించింది. రోజూ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, దూరంగా దిబ్బ దగ్గర పడవలవాళ్ళు కొత్తగా పాతిన గుంజల కేసి చూస్తూ కూర్చునేది.

"ఏం కావాలే నీకు అక్కడ? చేపలా? కొట్లో దొరకవా?" అని ఒక రోజు వినెల్ విసుక్కుంది.

"చేపలు కావు వదినా. అక్కడైతే అతను నాకు ముందు నడుస్తున్నట్టుంటుంది. ఇంట్లో ఎక్కడా లేడు. కుర్చీలో లేడు, మంచంలో లేడు. ఆ నీళ్ళలో ఒక్కచోటే నాకింకా ముందున్నాడు. కాకపోతే మాట్లాడడు."

వినెల్ ఏమీ అనలేదు. వినెల్ ఏమీ అనకపోవడం మా ఊళ్ళో చెప్పుకోదగ్గ విషయం. ఆ వారమే తన డబ్బుతో అడుగు మందంగా ఉండి, చీలమండ దాకా కప్పే కొత్త బూట్లు కొని తెచ్చి, "ఊరికే పెడితే పాడవుతాయి, ఎండ ఉన్న రోజు చూసి తడుపు" అని బల్ల మీద పడేసింది.

ఫిబ్రవరిలో ఎండ కాసింది. డాక్టరు సరే అన్నాడు. బండిలో మంచినీళ్ళ డబ్బా, సబ్బు, తువ్వాలు, పట్టకారు, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు పెట్టుకుని ఇద్దరూ వెళ్ళారు. వినెల్ ఒడ్డున మడతకుర్చీ వేసుకుని, ముక్కుకు రుమాలు కట్టుకుని కూర్చుంది.

"ఆ గుంజల దగ్గర పడితే నేను అరుస్తా. అప్పటిదాకా ఈడ్చు. వినబడిందా?"

"నీ అరుపు పక్క జిల్లాకి కూడా వినబడుతుంది" అంది డెస్సీ.

నీళ్ళలో దిగింది. చల్లగా నడుము దాకా వచ్చాయి. కాలు ఈడ్చుకుంటూ నడిచింది. ఈసారి కొంగల్ని చూడలేదు, నీళ్ళ రంగే చూసింది. ముందు ఇసుక పసుపు, దాని తర్వాత దిబ్బ ముదురు గోధుమ. గుంజలు ఇంకా చాలా దూరంలో ఉన్నాయి. కాళ్ళ కింద మెత్తని ఇసుక. టేకు చేపలుండే ఇసుక, కాలెత్తకూడని చోటు.

ఒడ్డు నుంచి నీళ్ళ మీద దూరం తెలియని వినెల్ రుమాలు కిందికి లాగి కేకేసింది.

"ఎత్తూ!"

ముక్కుతో, సాగదీసి. దూరం వల్ల, నీళ్ళ మీద నుంచి రావడం వల్ల అది ఆడగొంతులా లేదు.

డెస్సీ ఆగిపోయింది. వెనక్కి తిరగలేదు. తిరిగితే వినెల్ కనబడుతుంది.

"ఏమే, వినబడలేదా?"

"వినబడింది!" అని అరిచింది డెస్సీ. కళ్ళ నీళ్ళు గడ్డం దాకా కారుతున్నాయి. "ఇంకోసారి అను!"

వినెల్ ఇంకోసారి అంది. చిప్ప ఒక్కటి కూడా లేని ఇసుక మీద డెస్సీ కాలు పూర్తిగా ఎత్తి, తిన్నగా దించింది.