తడిసిన గోడకి పద్దెనిమిది

ఆదివారం భోజనాలయ్యాక కూర్మన్నపాలెంలోని మా మేడ గదిలో నలుగురం కూర్చుని కథ ఆడతాం. నలభై దాటినవాళ్లకి ఇదేం ఆటని మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనివ్వండి. కథ నడిపేది నేను. మిగతా ముగ్గురూ అందులో తలో మనిషి అవుతారు. ఎవరైనా కష్టమైన పని చేస్తానంటే, దానికి ఎంత పడాలో నేను నోటుబుక్కులో రాసుకుంటాను. వాళ్లు ఇరవై ముఖాల పాచిక వేస్తారు. నా అంకె పడినా, దాటినా పని అయినట్టే. చెట్టెక్కడానికి ఎనిమిది, తడిసిన గోడ ఎక్కడానికి పద్దెనిమిది. అంకె పైకి చెప్పకపోవడం నా పద్ధతి. దాని మీద నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

ముగ్గురిలో ఒకడు నా చిన్ననాటి స్నేహితుడు. ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపులో క్రేన్ నడిపేవాడు. ఆమధ్య సబ్బవరం రోడ్డులో బండి మీద నుంచి జారిపడ్డాక వాడి ఎడమ పిడికిలి బిగియడం లేదు. వర్క్‌షాపు వాళ్లు ఉద్యోగం తీసెయ్యకుండా, గేటు దగ్గర లారీల నంబర్లు రాసే పనిలో పెట్టారు. వాణ్ణి చూస్తే నాకు జాలేసేది. అందుకే వాడి వంతు వచ్చినప్పుడల్లా, పాచిక పడ్డాక అంకె చెరిపి తగ్గించేవాణ్ణి. నెలల తరబడి వాడి మనిషి ఏ పనిలోనూ ఓడిపోలేదు.

ఒక వారం వాడి మనిషి వానలో కోట గోడ ఎక్కుతానన్నాడు. కింద మొసళ్ల కందకం. జారితే చావే. రెండేళ్లుగా వాడు పెంచుకున్న మనిషి పోతాడు. పాచిక పదకొండు పడింది.

"ఎక్కీసావ్ బావా," అన్నాను.

నా చేతిలో రబ్బరు చూసి వాడు లేచి నోటుబుక్కు లాక్కున్నాడు. పద్దెనిమిది చెరిపిన మరక మీద పది. పేజీ నిండా రబ్బరు పొట్టు.

"ఏటి బావా ఇది? నా ఒక్కడికేనా ఇలగ సేత్తన్నావ్?"

నాకు కోపం వచ్చింది. మంచి చేస్తే దొంగని పట్టుకున్నట్టు పట్టుకుంటాడేం? "ఆటే కదేటి! ఏటైపోనాది ఇప్పుడు?" అని అరిచాను.

"సరుకు బరువెంతో కిందోడు ముందు అరిచి సెప్తాడు బావా. అప్పుడే నాను క్రేన్‌తో ఎత్తుతాను. నన్ను సూసి జాలేసి ఆడు తగ్గించి సెప్తే ఏటవుతాది? క్రేనే బోర్లా పడతాది. గేటు కాడ ఆళ్లు జాలి పడతన్నారు. ఇంటికాడ ఇంటిది జాలి పడతంది. ఇక్కడ కూడానా?"

నాకు సిగ్గేసింది. వాడికి సాయం చేస్తున్నాననుకుంటూ వాడి ఆట నేనే ఆడేస్తున్నాను.

"సరే, పద్దెనిమిది," అన్నాను. "మళ్లీ ఎయ్యి."

"మళ్లీ ఏటి? ఏసీసేను కదా. పదకొండు. పడిపోనాడు."

తన మనిషి వివరాలున్న కాగితం మీద తనే అడ్డంగా గీత కొట్టాడు. తర్వాత ఒక తెల్లకాగితం అడిగి, కొత్త మనిషిని రాసుకున్నాడు. ఆ కొత్తవాడు వచ్చీరాగానే కందకం దూకుతానన్నాడు.

"ఎంత పడాలో ముందు సెప్పు."

"పదిహేను," అన్నాను వాడి మొహం చూస్తూ.

నాలుగు పడింది. వాడు పడీపడీ నవ్వాడు. దెబ్బ తగిలాక వాడు నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి.